అంతరిక్షం నుంచి మనుషులు దిగి వచ్చే రాత్రి: ఇంటిల్లిపాదీ కూర్చుని ఎలా చూడాలి

నెలల తరబడి భూమి చుట్టూ తిరిగిన మనుషులు కిందికి దిగుతున్నారంటే మన టీవీల్లో కనబడేది ఆఖరి రెండు నిమిషాలే. పారాచూట్లు, సముద్రంలో తేలుతున్న క్యాప్సూల్, చేతులు ఊపుతున్న మనుషులు, అంతే. అసలు సంగతంతా దానికి ముందు పది ఇరవై గంటల్లోనూ, తర్వాత నెలన్నర రోజుల్లోనూ ఉంటుంది. నేను అమలాపురం దగ్గర ఒక ఊళ్లో పిల్లలకి సైన్సు చెబుతాను. 2025లో రెండుసార్లు పిల్లల్ని కూర్చోబెట్టి ఇది మొత్తం చూపించాను. మార్చిలో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్, నిక్ హేగ్, అలెగ్జాండర్ గొర్బునోవ్ కలిసి దిగినప్పుడు ఒకసారి, జూలైలో మన శుభాంశు శుక్లా వచ్చినప్పుడు ఇంకోసారి. మీ ఇంట్లోనో, వీధి అరుగు మీదో, బడిలోనో మీరూ చూపించాలనుకుంటే ఏమేం సిద్ధం చేసుకోవాలో, ఏ నిమిషంలో ఏం చూడాలో రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. ఆ రాత్రంతా పిల్లల చేతికి ఒకే ఒక్క ప్రశ్న ఇవ్వండి. పైన వాళ్లు గంటకి దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. నీళ్లలో దిగేటప్పటికి ఆ వేగం 25 కిలోమీటర్లు, అంటే మన ఊరి రోడ్డు మీద మోపెడ్ పోయినంత. మిగతా వేగమంతా ఎక్కడికి పోయింది, ఎవరు తీసుకున్నారు? ఈ ప్రశ్న లేకపోతే పిల్లలు అరగంటలో నిద్రపోతారు, ఉంటే మాత్రం మనల్ని కూడా పడుకోనివ్వరు. గోడకి ఒక నల్లబల్ల గానీ పెద్ద అట్ట గానీ పెట్టి పైన 28,000 అని రాసి, కింద ఖాళీ వదలండి. ఆ ఖాళీ తెల్లవారేలోపు నిండాలి.

టైము లెక్క ముందే చూసుకోండి

మొదటిసారి నేను తప్పు చేసింది ఇక్కడే. మార్చి 18న సాయంత్రం 5.57కి దిగుతారని చదివి అందరికీ అదే చెప్పేశాను. అది అమెరికా తూర్పు తీరం టైము. మనకి అది 19 తెల్లవారుజామున 3.27. సాయంత్రం తొమ్మిది మంది పిల్లలు మొహాలు కడుక్కుని, పౌడర్లు రాసుకుని వచ్చి కూర్చున్నారు, వాళ్లని వెనక్కి పంపాల్సి వచ్చింది. నాకు చాలా బాధేసింది. కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: అమెరికా తూర్పు తీరం టైముకి, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తొమ్మిదిన్నర గంటలు కలపాలి, మిగతా చలికాలం పదిన్నర గంటలు కలపాలి. కాలిఫోర్నియా టైము ఇస్తే ఇంకో మూడు గంటలు ఎక్కువ. యూటీసీ అని, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైము ఇస్తే ఎప్పుడైనా అయిదున్నర గంటలే. కలిపాక తారీఖు మారిందా లేదా అని మళ్లీ ఒకసారి చూసుకోండి. అది కూడా పక్కా కాదు, కింద సముద్రంలో గాలి, అలలు బాగోలేకపోతే ఒక రోజో రెండు రోజులో వాయిదా వేస్తారు. మన దగ్గర తుఫాను హెచ్చరిక ఉంటే రేవులో బోట్లు కదలనట్టే అనుకోండి. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

లైవ్ కోసం నాసా వాళ్ల సొంత యూట్యూబ్ చానల్ చూడండి. వేరే చోట్ల లైవ్ అని ఎర్రక్షరాలు పెట్టి పాత వీడియోలు, కంప్యూటర్ బొమ్మలు తిప్పుతుంటారు, పిల్లలు అవే నిజమనుకుంటారు. ఇంకా, కరెంటు. ఇన్వర్టర్ ఉంటే సరే, లేకపోతే ఫోను నిండా చార్జింగ్ పెట్టుకుని, దాంతోనే టీవీకి గానీ ల్యాప్‌టాప్‌కి గానీ నెట్ ఇచ్చేలా ముందురోజే ఒకసారి చూసుకోండి. ఆ రోజు మాకు 2.50కి కరెంటు పోయింది. ఫోను ఒకటి నిండుగా ఉండబట్టి సరిపోయింది గానీ పన్నెండు తలకాయలు ఆరంగుళాల తెర మీద వంగి చూడాల్సి వచ్చింది.

దానికి ముందు వారంలో ఒక సాయంత్రం

ఇది తప్పకుండా చేయండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీదుగానే పోతుంది, దుర్భిణి అవసరం లేదు, ఉత్త కళ్లకే కనబడుతుంది. పొద్దు గుంకిన గంటా గంటన్నరలోపు గానీ, తెల్లవారక ముందు గానీ. స్పాట్ ద స్టేషన్ అని నాసా ఆప్ ఒకటుంది, మన ఊరు పెట్టుకుంటే ఏ రోజు ఏ నిమిషానికి ఏ దిక్కు నుంచి వస్తుందో చెబుతుంది. మన వైపు అది నైరుతి నుంచి ఈశాన్యానికో, వాయవ్యం నుంచి ఆగ్నేయానికో పోతుంది. కోనసీమలో చిక్కల్లా కొబ్బరిచెట్లే. ఇంటి దగ్గర నిలబడితే ఆకాశం కిటికీలంత కనబడుతుంది. ఏటిగట్టు ఎక్కండి, లేదా ఏదైనా చేపల చెరువు గట్టు మీదికి వెళ్లండి. మేము ఏటిగట్టు మీద నిలబడ్డాం. అటు గౌతమి, ఇటు పొలాలు, అడ్డం ఏమీ లేదు. శుక్రుడంత మెరుస్తూ చప్పుడు లేకుండా వచ్చింది, ఆరు నిమిషాలు కనబడింది, ఆ తర్వాత ఆకాశం మధ్యలోనే ఆరిపోయినట్టు మాయమైంది. ఆరిపోలేదు, భూమి నీడలోకి వెళ్లిపోయింది.

అప్పుడు చెప్పండి, అందులో మనుషులున్నారని. ఎత్తు 400 కిలోమీటర్లే, అంటే మన అమలాపురం నుంచి హైదరాబాదు రోడ్డు మీద పోయినంత కూడా ఉండదు. తొంభై నిమిషాలకి ఒకసారి భూమి చుట్టి వస్తుంది, రోజుకి పదహారు సూర్యోదయాలు. ఆ వెలుగు చుక్కని ఒకసారి కళ్లతో చూసిన పిల్లలకి దిగే రోజు తెర మీద కనబడేది బొమ్మలా అనిపించదు. వచ్చే వారం ఆ చుక్కలోంచి దిగేది వీళ్లేనని తెలిసి కూర్చుంటారు.

విడివడటం: తొందరేమీ లేదు

మొదటి ఘట్టం అన్‌డాకింగ్, అంటే క్యాప్సూల్ అంతరిక్ష కేంద్రం నుంచి విడివడటం. కొక్కేలు విడిపోతాయి, క్యాప్సూల్ చిన్నచిన్నగా గ్యాస్ చిమ్ముకుంటూ వెనక్కి జరుగుతుంది. చాలా నెమ్మది, చూసేవాళ్లకి విసుగొచ్చేంత నెమ్మది. అంతరిక్ష కేంద్రానికి ఏ చిన్న దెబ్బా తగలకూడదు కదా. మార్చిలో అది మనకి పొద్దున 10.35కి జరిగింది, నీళ్లలో దిగింది పదిహేడు గంటల తర్వాత. శుక్లా వాళ్లకి ఇంకా ఎక్కువ, జూలై 14 సాయంత్రం 4.45కి విడివడి 15 మధ్యాహ్నం 3.01కి దిగారు. ఇంతసేపు ఎందుకంటే, తిరుగుతున్న దారి, కింద తిరుగుతున్న భూమి, దిగాల్సిన సముద్రం ఈ మూడూ ఒక గీతలోకి రావాలి. ఈ గంటలన్నీ కూర్చుని చూడక్కర్లేదు. విడివడటం ఒక పావుగంట చూసి, పిల్లల్ని పడుకోబెట్టి, దిగడానికి గంటంబావు ముందు లేపండి. ఫ్లాస్కులో టీ, పిల్లలకి పాలు, అటుకులు, బెల్లం. దోమల చక్రం మర్చిపోకండి.

సునీత, విల్మోర్‌ల కథ కూడా ఈ విరామంలో చెప్పండి. వాళ్లు 2024 జూన్ 5న స్టార్‌లైనర్ అనే కొత్త నౌకలో ఎనిమిది రోజుల పనికని వెళ్లారు. నౌకలో హీలియం లీకులు, థ్రస్టర్లనే చిన్న ఇంజన్ల ఇబ్బందులు రావడంతో దాన్ని సెప్టెంబరులో ఖాళీగా దించారు. ఎనిమిది రోజులనుకున్నది 286 రోజులైంది. మా అమ్మకి ఈ ఒక్క ముక్క చెప్పాను, ఆవిడ ఇంక పడుకోలేదు. "ఎనిమిది రోజులకి సర్దుకున్న బట్టలతో అన్నాళ్లు ఎలా ఉందిరా ఆ పిల్ల?" అని అడిగింది. అడిగింది నిజమే, తర్వాత వచ్చిన సరుకు నౌకల్లో బట్టలు, వస్తువులు పంపారు.

బ్రేకు

ఇప్పుడు బల్ల దగ్గరికి వెళ్లండి. దిగడానికి సుమారు ముప్పావుగంట ముందు డీఆర్బిట్ బర్న్ ఉంటుంది. మార్చిలో 2.41 ప్రాంతంలో, జూలైలో మధ్యాహ్నం 2.07 ప్రాంతంలో. క్యాప్సూల్ తాను పోయే దిశకి ఎదురుగా ఇంజన్లు మండిస్తుంది. పిల్లలందరూ ఇక్కడే వేగమంతా పోతుందనుకుంటారు. అలా కాదు. రష్యా సోయుజ్ నౌకకైతే ఈ మంట నాలుగు నిమిషాల నలభై సెకన్లు, దాంతో తగ్గేది సెకనుకి 128 మీటర్లు మాత్రమే, అంటే గంటకి 460 కిలోమీటర్లు. మార్చిలో, జూలైలో వీళ్లు దిగిన డ్రాగన్ నౌకకీ తగ్గేది కొంచెమే. 28,000లోంచి అంతే! ఆ కాస్త తగ్గితే చాలు, దారి వంగి గాలిలోకి దిగుతుంది.

మన రేవులో పంటు నడిపేవాణ్ని చూసే ఉంటారు. రేవు దగ్గరికొచ్చాక ఇంజన్ తగ్గించడు, ఏటి మధ్యలో ఉండగానే తగ్గించేసి మిగతా పని నీళ్లకి వదిలేస్తాడు. ఇక్కడా అంతే, బ్రేకు వేసేది దిగే సముద్రం దగ్గర కాదు, భూమికి దాదాపు అవతలి వైపున. బల్ల మీద "బ్రేకు: 460" అని రాయండి. పిల్లలు మీ మొహం చూస్తారు, మిగతా 27,500 ఏమైందని. ఇంకా చెప్పకండి.

ఈ సమయంలో ట్రంక్ అనే వెనక భాగాన్ని కూడా వదిలేస్తారు. దాని మీదే సోలార్ పలకలుంటాయి, దాని చాటునే ఇన్నాళ్లూ హీట్ షీల్డ్, అంటే వేడిని ఆపే కవచం, దాగి ఉంటుంది. మార్చిలో ముందు ట్రంక్ వదిలి తర్వాత బ్రేకు వేశారు, జూలైలో ముందు బ్రేకు, తర్వాత ట్రంక్. పిల్లల్లో ఒకడు ఈ తేడా పట్టుకుని అడిగాడు, నాకు ఎంత సంతోషమేసిందో. కారణం ఉంది: ముందే వదిలేసిన ట్రంకులు నెలల తరబడి పైనే తిరిగి, ఎక్కడ పడతాయో తెలియకుండా పడేవి, కొన్ని ముక్కలు ఆస్ట్రేలియాలో, కెనడాలో పొలాల్లో దొరికాయి. అందుకని దిగే చోటుని ఫ్లోరిడా నుంచి కాలిఫోర్నియా వైపు మార్చి, బ్రేకు వేశాక ట్రంక్ వదిలే పద్ధతి పెట్టారు. మిగిలిన ముక్కలేమైనా ఉంటే జనం లేని పసిఫిక్‌లో పడతాయి.

గాలి: ఆ ఆరేడు నిమిషాలు

రాత్రి మొత్తానికి ప్రాణం ఇదే. కాబట్టి దీనికి ముందే రెండు చిన్న పనులు పిల్లలతో చేయించి ఉంచండి.

ఒకటి, సైకిల్ పంపు. గొట్టం చివర వేలుతో గట్టిగా మూసి, పది పన్నెండు సార్లు ఒత్తమనండి. తర్వాత పంపు అడుగు భాగం ముట్టుకోమనండి. వెచ్చగా ఉంటుంది. గాలిని ఒక్కసారిగా నొక్కితే వేడెక్కుతుంది. క్యాప్సూల్ ముందున్న గాలికి పక్కకి తప్పుకునే టైము ఉండదు, నలిగిపోతుంది, నలిగి వేల డిగ్రీలకి చేరుతుంది. రాపిడి వల్ల మండుతుందని మన పుస్తకాల్లోనూ చాలాచోట్ల రాస్తారు, రాపిడి వాటా కొంచెమే, ఎక్కువ వేడి ఈ నలగడం వల్లే. క్యాప్సూల్ అడుగున బయటి వేడి 1,900 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, ఇనుము కరిగే వేడి కంటే ఎక్కువ. లోపల మనుషులు మామూలుగా కూర్చుని ఉంటారు.

రెండోది పెంకు. కాలవలో పెంకుతో కప్పగంతులు వేయించని పిల్లాడు మన వైపు ఉండడు. పెంకుని మరీ ఏటవాలుగా విసిరితే నీటి మీద ఎగిరి ఎగిరి పోతుంది, నిటారుగా వేస్తే బుడుంగుమని మునిగిపోతుంది. క్యాప్సూల్‌కి కూడా కోణం ఇలాగే చూడాలి. మరీ ఏటవాలుగా వస్తే గాలి సరిగ్గా పట్టుకోక దూరం వెళ్లిపోతుంది, మరీ నిటారుగా వస్తే వేడీ, ఒత్తిడీ మనిషి తట్టుకోలేనంత అవుతాయి. సోయుజ్ సరిగ్గా వస్తే లోపలి మనిషికి తన బరువు నాలుగైదు రెట్లు అనిపిస్తుంది, దారి తప్పి నిటారుగా పడితే ఎనిమిది తొమ్మిది రెట్లు. నెలల తరబడి బరువే తెలియని ఒంటి మీద అది పడుతుంది, ఆలోచించండి.

హీట్ షీల్డ్ ఎలా పనిచేస్తుందని అడుగుతారు. చెమటని ఉదాహరణ చెప్పండి. చెమట ఆవిరైపోతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. మన కోనసీమ ఉక్కపోతలో గాలినిండా తేమ ఉండి చెమట ఆరదు కాబట్టే అంత చిరాకు. హీట్ షీల్డ్ కూడా పైపొర మాడి, బొగ్గై, ఆవిరై పోతూ వేడిని తనతో పట్టుకుపోతుంది. తాను కొంచెం కొంచెంగా అరిగిపోతూ లోపలివాళ్లని కాపాడుతుంది.

ఈ వేడికి చుట్టూ గాలి విద్యుత్ కణాల మబ్బులా మారి రేడియోని అడ్డుకుంటుంది. ఆరేడు నిమిషాలు మాటా పలుకూ ఉండదు. లైవ్‌లో మాట్లాడేవాళ్లు కూడా గొంతు తగ్గిస్తారు. ఈ సమయంలో మీరూ ఏమీ చెప్పకండి. పిల్లల్ని గడియారం చూడమనండి. నా వయసువాళ్లకి ఈ నిమిషాల్లో గుర్తొచ్చేది ఒకటే, 2003 ఫిబ్రవరి 1. కొలంబియా షటిల్ ఎడమ రెక్క అంచుకి ఎగిరేటప్పుడే దెబ్బ తగిలింది, దిగేటప్పుడు ఆ చిల్లులోంచి వేడిగాలి చొరబడింది. దిగడానికి పదహారు నిమిషాల ముందు మన కల్పనా చావ్లాతో సహా అందులోని ఏడుగురూ పోయారు. ఆ రాత్రి మా ఇంట్లో రేడియో పక్కన కూర్చున్నది నాకు ఇంకా కళ్లకి కట్టినట్టుంది. పిల్లలకి ఆ సంగతి మర్నాడు చెప్పాను, ఆ నిమిషాల్లో చెప్పలేదు, మీరూ అలాగే చేయండి.

ఒక పిల్ల, ఆరో తరగతి, ఫోనుకి దగ్గరగా కూర్చుని వేళ్ల మీద నిమిషాలు లెక్కపెడుతోంది. ఆరో వేలు మడిచి ఆగింది. స్పీకర్‌లో గరగరమని చప్పుడు, తర్వాత మనిషి గొంతు. ఆ పిల్ల మడిచిన వేలు అలాగే పట్టుకుని నా వైపు తిరిగింది. మా అమ్మ దేవుడి గది వైపు దండం పెట్టుకుంది.

ఇప్పుడు బల్ల దగ్గరికి వెళ్లి రాయండి: "గాలి: దాదాపు 27,000." వేగాన్ని తీసుకున్నది గాలే, తీసుకుని వేడిగా మార్చేసింది. ఇంకా మిగిలింది గంటకి 560 కిలోమీటర్లే.

పారాచూట్లు, కొబ్బరి చిప్ప

సుమారు అయిదున్నర కిలోమీటర్ల ఎత్తులో రెండు డ్రోగ్ పారాచూట్లు విచ్చుకుంటాయి. ఇవి చిన్నవి, ఊగకుండా నిలబెట్టి వేగాన్ని 190కి తెస్తాయి. రెండు కిలోమీటర్ల దగ్గర నాలుగు పెద్దవి. అవి ఒక్కసారిగా తెరుచుకోవు, ముందు మొగ్గలా, తర్వాత సగం, తర్వాత పూర్తిగా. ఒకేసారి విచ్చుకుంటే తాళ్లు తెగేంత కుదుపు వస్తుంది. 2021 నవంబరులో దిగిన క్యాప్సూల్‌కి నాలుగింట్లో ఒకటి ఆలస్యంగా విచ్చుకుంది, మిగతా మూడింటితో క్షేమంగానే దిగారు. కాబట్టి ఒకటి ముడుచుకుని కనబడితే పిల్లల ముందు కంగారు పడకండి.

దీనికి ముందురోజు ఆడించే ఆట మాత్రం కోనసీమలోనే బాగా కుదురుతుంది. కొబ్బరి చిప్ప ఒకటి తీసుకోండి, గుండ్రం అడుగు కిందికి, వెడల్పు నోరు పైకి పెడితే అదే క్యాప్సూల్. అంచున కాల్చిన మేకుతో పెద్దవాళ్లు నాలుగు చిల్లులు వేయాలి. లోపల దూది పరిచి కోడిగుడ్డు పెట్టండి. చెత్త కవరు ఒకటి కోసి రెండడుగుల చదరం చేయండి, నాలుగు మూలలకీ పురికొస కట్టి చిప్పకి ముడి వేయండి. డాబా మీంచి వదలండి. మాది మొదటిసారి గిరగిరా ఊగుతూ వచ్చి గోడకి కొట్టుకుంది, గుడ్డు పోయింది. కవరు నడిమధ్య అణా బిళ్లంత చిల్లు పెట్టి మళ్లీ వదిలాం, గాలి అక్కడినుంచి నెమ్మదిగా పోతూ ఊగడం తగ్గింది, గుడ్డు బతికింది. చిప్ప అడుగున తడి బంకమట్టి ముద్ద అంటించి చూడండి, ఇంకా నిలకడగా వస్తుంది. బరువు అడుగున ఉంటే అడుగే ముందుకి వస్తుంది, అసలు క్యాప్సూల్ కూడా హీట్ షీల్డ్ వైపే ముందుగా రావడానికి కారణం ఇదే.

తర్వాత నీళ్లు. 25 కిలోమీటర్ల వేగాన్ని నీళ్లు తీసుకుంటాయి. బల్ల మీద ఆఖరి గీత ఎవరైనా చిన్నపిల్ల చేత గీయించండి. మార్చిలో క్యాప్సూల్ చుట్టూ డాల్ఫిన్లు తిరిగాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట వాటిని చూసిన పిల్లలు ఇద్దరున్నారు, వాళ్ల అరుపులకి పక్కింటివాళ్లు లేచొచ్చారు.

సోయుజ్ దిగేది అయితే కొద్దిగా వేరు. విడివడిన మూడున్నర గంటల్లోనే కజకిస్తాన్ మైదానంలో దిగిపోతుంది, ఒక్కటే పెద్ద పారాచూట్, నేలకి మీటరు కూడా లేనప్పుడు చిన్న రాకెట్లు భగ్గుమంటాయి. ఒక్కసారిగా దుమ్ము లేస్తుంది, పేలిపోయిందనుకుంటారు, అది దెబ్బ తగ్గించే ఏర్పాటు. 1984లో మన రాకేశ్ శర్మ దిగింది ఇలాగే.

ఇక్కడ టీవీ ఆపకండి

అందరూ చప్పట్లు కొట్టి లేచిపోయేది ఇప్పుడే. దయచేసి ఇంకో గంట కూర్చోండి. ముందు చిన్న పడవలు వచ్చి క్యాప్సూల్ చుట్టూ విషవాయువేమైనా ఉందేమో చూస్తాయి, ఎందుకంటే అందులోని ఇంధనం ఆవిరి పీలిస్తే ప్రాణం మీదికొస్తుంది. తర్వాత పెద్ద ఓడ వెనక భాగంలోకి ఎత్తుకుంటారు, తలుపు తీస్తారు, ఒక్కొక్కరినీ పట్టుకుని బయటికి తెస్తారు. మా అమ్మ అది చూసి "అయ్యో, నడవలేకపోతోందిరా" అని కళ్లు తుడుచుకుంది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. అప్పుడు చెప్పాల్సింది ఇది.

అంతర్వేది వైపు బోటు మీద వేటకి వెళ్లే మా బంధువు ఒకాయన ఉన్నాడు. నాలుగైదు రోజులు సముద్రం మీద ఉండి వస్తే ఎలా ఉంటుందని అడిగితే, "ఆయ్, మొదటిరోజు నేలే ఊగుద్దండి, మంచం మీద పడుకున్నా బోటులో ఉన్నట్టే ఉంటది" అన్నాడు. చెవిలో తూకం చూసుకునే భాగం ఊగుడికి అలవాటుపడి, నేల మీదికొచ్చాక మళ్లీ సర్దుకోవాలి. అయిదు రోజులకే అలా ఉంటే, పైకీ కిందికీ తేడా లేని చోట తొమ్మిది నెలలు ఉన్నవాళ్లకి ఎలా ఉంటుంది? తల తిప్పితే లోకం తిరుగుతుంది, చాలామందికి వాంతులవుతాయి.

అదొక్కటే కాదు. అక్కడ బరువు లేక ఒంట్లో నీరు పైకి ఎక్కి మొహం ఉబ్బుతుంది, కాళ్లు సన్నబడతాయి. నీరు ఎక్కువైందనుకుని ఒళ్లు కొంత బయటికి పంపేస్తుంది. కిందికి వచ్చాక ఉన్న రక్తం కాళ్లలోకి దిగిపోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. అందుకే దిగడానికి ముందు ఉప్పు కలిపిన నీళ్లు ఎక్కువగా తాగుతారు, కాళ్లని బిగించి ఉంచే బట్టలు వేసుకుంటారు. మే నెలలో పొలం నుంచి వచ్చినవాళ్లకి ఉప్పేసిన మజ్జిగ ఇస్తామే, ఆ తెలివే. ఎముకలు, ముఖ్యంగా తుంటి ఎముక, పైన నెలకి నూటికి ఒకటి ఒకటిన్నర వంతు గట్టితనం కోల్పోతాయి. దాన్ని ఆపడానికే రోజుకి రెండు గంటలు కసరత్తు చేస్తారు, అయినా మొత్తం ఆగదు. అరికాళ్ల చర్మం కూడా నడక లేక పొరలు ఊడిపోయి పసిపిల్లల పాదంలా అవుతుంది. క్రిస్ హాడ్‌ఫీల్డ్ అనే కెనడా వ్యోమగామి దిగాక తన నాలుకా పెదాలూ బరువుగా తెలిశాయని చెప్పాడు, మాట్లాడటం కూడా కొత్తగా అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. పిల్లలు ఇది విని అందరూ నోట్లో నాలుక కదిపి చూసుకున్నారు.

కాబట్టి స్ట్రెచర్ చూసి వాళ్లకేదో అయిపోయిందని చెప్పకండి. నెలల తరబడి పైన ఉన్నవాళ్లందరినీ అలా తీసుకెళ్లడం ముందే పెట్టుకున్న పద్ధతి. ఆ తర్వాత నలభై ఐదు రోజుల పాటు రోజూ దగ్గరుండి వ్యాయామం చేయిస్తారు, నడక, తూకం, బలం అన్నీ మళ్లీ మొదటినుంచి. వేగం పోవడానికి ముప్పావుగంట పట్టింది, ఒంటికి మాత్రం నెలలు పడుతుంది. ఎముకలకి ఇంకా ఎక్కువ.

ఇంకొకటి కూడా చెప్పండి, ఇదంతా ఎక్కడో అమెరికా సముద్రంలో జరిగేదే కాదని. ఇస్రో పంపిన చిన్న క్యాప్సూల్ ఒకటి పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి 2007 జనవరి 22న మన బంగాళాఖాతంలోనే దిగింది, శ్రీహరికోటకి తూర్పున సుమారు 140 కిలోమీటర్ల దూరంలో. 2014 డిసెంబరు 18న మనుషులు పట్టేంత పెద్ద క్యాప్సూల్‌ని ఖాళీగా పంపి అండమాన్ వైపు దించి చూశారు. 2025 ఆగస్టు 24న హెలికాప్టర్ నుంచి వదిలి గగన్‌యాన్ పారాచూట్లని పరీక్షించారు, మొత్తం పది పారాచూట్లు, అందులో పెద్దవి మూడు, రెండు తెరుచుకున్నా చాలు. ఇవన్నీ బల్ల పక్కనే ఒక కాగితం మీద రాసి అంటించండి, మన గగన్‌యాన్ రోజున మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.

ఆఖరి పని, తెల్లారాక గోడమీద క్యాలెండర్ తీసి, దిగిన రోజు నుంచి నలభై ఐదో రోజుకి సున్నా చుట్టించండి. మాకది మే 3 అయింది. వేసవి సెలవులు, నేను దాదాపు మర్చిపోయాను. మధ్యాహ్నం ఎండలో ఆ ఆరో తరగతి పిల్ల ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మాస్టారూ, ఇవాళ్టికి నలభై ఐదు. ఇప్పుడు బాగా నడుస్తున్నారా?"

లోపలికి రమ్మని ఫోను తీశాను, ఇద్దరం కూర్చుని వెతికాం.